రాయకముందే పెట్టిన సంతకం

ఒకరోజు నా సంతకాన్ని చూసి నేనే వణికిపోయాను.

ఆ రోజు సచివాలయానికి వెళ్ళింది పింఛను పని మీద. మిరపకాయలు కోసి కోసి నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషను నన్ను నేనే అని ఒప్పుకోవడం లేదు. కంటి ముద్ర తీసుకుంటాం, వచ్చి పొమ్మని కబురు పెట్టారు. తీరా వెళ్తే కరెంటు లేదు. ఊరి పక్కనే రాత్రీ పగలూ బొగ్గు కాల్చి కరెంటు తీసే కంపెనీ ఉంది, మా సచివాలయంలో మాత్రం ఫ్యాను తిరగదు. వచ్చేదాకా కూర్చోమన్నారు. గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్న దగ్గర్నుంచి కంటికి ఏది ఆనితే అది చదువుతాను. బస్సుల మీద బోర్డులు, ఫ్లెక్సీల మీద పుట్టినరోజు శుభాకాంక్షలు, టీపొడి ప్యాకెట్టు వెనక సన్నటి రాత, ఏదైనా సరే. పెదవులు కదపకుండా చదవడం ఇప్పటికీ రాలేదు. నన్ను చూసి జపం చేసుకుంటోంది అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

కిటికీ ఊచకు తాడుతో కట్టిన ఫైలు ఒకటి వేలాడుతోంది. అట్ట మీద ‘ప్రజల పరిశీలన కోసం’ అని ఉంది. ప్రజలంటే నేను కూడానేగా అని తీశాను.

మొదటి కాగితం నోటీసు. మా ఊరి పక్క కంపెనీ గురించే. అది వచ్చినప్పుడు ప్రభుత్వం కొన్ని పన్నులు కట్టనక్కర్లేదని రాసిచ్చిందట. ఇంకొన్ని పన్నులు కట్టించుకుని మళ్ళీ వెనక్కి ఇచ్చేదట. నీళ్ళు, భూమి అన్నిటిలోనూ రాయితీ. ఆ గడువు ఇప్పుడు అయిపోవస్తోంది. బొగ్గు కంపెనీలకు ఇలాంటి రాయితీలు ఇకమీదట ఇవ్వాలా, ఎత్తేయాలా అన్న ఆలోచన పైన నడుస్తోందనీ, వచ్చే గురువారం హైస్కూలు ఆవరణలో అధికారులు ఊరివాళ్ళ అభిప్రాయం తీసుకుంటారనీ అందులో రాసి ఉంది. ఇంత సంగతి అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒక్కో వాక్యాన్ని రెండుసార్లు చదివాను.

దాని కింద వరసగా అర్జీలు. మూడో అర్జీ మా ఆడవాళ్ళ పొదుపు సంఘం పేరుతో ఉంది. సంతోషపడ్డాను. మా సంఘం పేరు అచ్చంగా నేనే చదివాను కదా అని. కిందికి చదువుతూ వెళ్ళాను. కంపెనీ వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదట. దుమ్ము లేదట. బూడిద మా పొలాల మీద పడదట. మా బిడ్డల ఆరోగ్యం బాగుందట. అందుకని కంపెనీకి ఇస్తున్న రాయితీలన్నీ ఇలాగే కొనసాగించమని మేమందరం ఏకగ్రీవంగా కోరుతున్నామట.

కింద సంతకాలు. మూడోది నాది.

అది నాది కాదని అనుకోవడానికి వీల్లేదు. నా అక్షరాలు ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో చీమ నడిచేంత సందు ఉంటుంది. ఎవరూ అలా రాయరు. ఈ కాగితం నేనెప్పుడు చదివాను? ఎప్పుడు ఒప్పుకున్నాను? మా అమ్మకు చివరి రోజుల్లో మతి తప్పింది. అన్నం తిని తినలేదనేది. నాకూ అదే మొదలైందేమో అనుకున్నాను. ఆ భయంలో కరెంటు వచ్చినా తెలియలేదు, నా పేరు పిలిచినా వినిపించలేదు. కంటి ముద్ర ఇవ్వకుండానే లేచి వచ్చాను.

ఇంటికి నడుస్తుండగా గుర్తొచ్చింది. సంతకం నేనే పెట్టాను. కాగితం మీద రాతే అప్పటికి లేదు.

ఇది మా సంఘంలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. నెలకు ఇన్ని మీటింగులు జరగాలని, ప్రతి మీటింగుకీ పుస్తకంలో తీర్మానం రాసి అందరి సంతకాలు ఉండాలని పైవాళ్ళ రూలు. మిరప కోతలు మొదలైతే ఎవరు కూర్చుంటారు మీటింగుకి? తెల్లవారకముందే ఆటోలెక్కి వెల్దుర్తి దాకా పోతాం, పొద్దుగూకాక వస్తాం. అందుకని మా బుక్కీపరు అమ్మాయి తెల్లవారుజామున ఆటోల దగ్గరికే పుస్తకం పట్టుకొచ్చేది. నాలుగైదు ఖాళీ పేజీల కింద అందరం వరసగా సంతకాలు పెట్టేవాళ్ళం. పైన తీర్మానం ఆ అమ్మాయి తీరిగ్గా తర్వాత రాసుకునేది. తప్పని ఎవరికీ తోచలేదు. పొదుపు జమ చేశాం, ఫలానా వాళ్ళకి అప్పు ఇచ్చాం, అంతే కదా రాసేది.

ఆ బుక్కీపరు అమ్మాయిది మా పక్కిల్లు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. అంతకుముందు బ్యాంకుకి వెళ్తే వేలికి సిరా పూసి ముద్ర వేయించుకునేవాళ్ళు. తుడుచుకోమని ఒక మురికి గుడ్డ ముక్క ఇచ్చేవాళ్ళు. అది ఎంత తుడిచినా పోయేది కాదు. బస్సులో ఆ బొటనవేలిని చీర కొంగులో దాచుకుని వచ్చేదాన్ని. ఒకసారి ఆ అమ్మాయి చూసి, “పెద్దమ్మా, మధ్యానం పూట పంచాయతీ అరుగు మీదికి రా, నెలరోజుల్లో సంతకం నేర్పిస్తా” అంది. నెల కాదు, నాలుగు నెలలు పట్టింది. నాతోపాటు మొదలుపెట్టినవాళ్ళు మానేశారు. నేను సంతకం దగ్గర ఆగకుండా చదవడం కూడా పట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ అమ్మాయి వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“ఏందమ్మాయ్ ఆ కాగితం?”

“ఏ కాగితం పెద్దమ్మా?” అంది గానీ చేట ఆగిపోయింది.

“సచివాలయంలో తాడుకు కట్టి ఉంది చూడు, అది. దుమ్ము లేదని ఎవరు రాశారే? నీ చేటలో చెయ్యి పెట్టి చూపించనా?”

ఆ అమ్మాయి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. “లారీల అన్న వచ్చి కూర్చున్నాడు. మీటింగు పెట్టి అందర్నీ అడుగుతా అన్నా. మీటింగెందుకు, సంతకాలు ఉండనే ఉన్నాయిగా పుస్తకంలో అన్నాడు. రాయాల్సింది కూడా ఆయనే రాసుకొచ్చాడు. ఖాళీ పేజీలో అది ఎక్కించి, చించి ఇచ్చా.”

లారీల అన్న అంటే మా ఊరి పెద్ద రైతు. రైలు దిగిన బొగ్గును కంపెనీకి తోలే లారీలు ఆయనవే. ఏ పార్టీ వచ్చినా ఆయన గుమ్మం ముందే కార్లు ఆగుతాయి.

“కాదనకపోయావా?”

“ఎట్టా అనేది? మా అన్న ఆయన లారీయేగా తోలేది.”

“చదవకుండా సంతకం పెట్టబాకమని నాకు చెప్పిందానివి నువ్వేగా!”

“చెప్పా. విన్నావా?” ఒక్కసారిగా ఆ అమ్మాయి గొంతు లేచింది. “ఆటోవాడు హారన్ కొడతా ఉంటే ఎక్కడే, ఎక్కడ పెట్టాలి అని పుస్తకం నా చేతిలో నుంచి లాక్కుంది ఎవరు? అందరూ నాలుగు పేజీల్లో పెడితే నువ్వు ఐదో పేజీ తిప్పి మరీ పెట్టావ్.”

అది నిజం. సంతకం అంటే నాకు అంత మోజు. ఇంకో పేజీ ఉందా అని అడిగి పెట్టేదాన్ని. ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. నేను చేట అందుకుని మిగిలిన బియ్యం చెరిగి లేచి వచ్చాను.

ఇంట్లో చెప్పకుండా ఉంటే సరిపోయేది. మనసులో ఉంచుకోలేక సాయంత్రం చెప్పేశాను.

మా అబ్బాయి ఆ కంపెనీలోనే కాంట్రాక్టు మీద పని చేస్తాడు. నా భర్త పోయాక మాకున్న ఎకరం మీద ఇల్లు గడవదని తెలిసి, వాడు లారీల అన్న చుట్టూ ఆరు నెలలు తిరిగి గేటు పాసు తెచ్చుకున్నాడు. వాడి పని బొగ్గు యార్డులో. బొగ్గును పైకి మోసుకెళ్ళే బెల్టు ఒకటుంటుందట. దాని మీద నుంచి రాలిపడిన బొగ్గును పారతో ఎత్తి మళ్ళీ పైన వేయాలి. షిఫ్టు దిగి కంపెనీ బస్సులో వస్తే కళ్ళు, పళ్ళు మాత్రమే మనిషివిలా ఉంటాయి. పోయిన వానాకాలం నుంచి దగ్గు పట్టుకుంది. నరసరావుపేట తీసుకెళ్ళి చూపించాం. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. ఆ మాట కంపెనీలో తెలిస్తే పని మానిపిస్తారని ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

అంతా విని వాడు అడిగింది ఒకటే. “సంతకం నీదేనా?”

“నాదే.”

“ఐతే ఊరుకో. నీదే అయినప్పుడు ఇంకేంది గొడవ?”

“దుమ్ము లేదని రాశారురా. నీ ఆరోగ్యం బాగుందని రాశారు.”

“రాస్తే రాయనీ. రాసినంత మాత్రాన ఉన్న దగ్గు పోద్దా, లేని దగ్గు వచ్చిద్దా?”

కోడలు పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. “చదువు రాకముందే బాగున్నావత్తా నువ్వు. వేలిముద్ర ఏసి నిమ్మళంగా ఇంటికొచ్చేదానివి.”

వాడు నవ్వబోయాడు, దగ్గు అడ్డం వచ్చింది.

మర్నాడు నేను కల్లంలో ఎండు మిరపకాయలు తిరగేస్తుంటే లారీల అన్న వచ్చాడు. ఒక్కడే, నడిచి వచ్చాడు. మోటార్ సైకిలు మీద తప్ప ఎప్పుడూ కనపడని మనిషి. మా వైపు పెద్దమనుషులకు నలుగురిలో ఎదురు చెప్పినవాళ్ళ గడ్డివాములు తెల్లారేసరికి ఎలా బూడిదయ్యేవో నా చిన్నతనంలో చూశాను. ఇప్పుడు ఆ రోజులు లేవంటారు. లేవని నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

“ఏంది చెల్లెమ్మా, ఫైలు చదివావంట?”

“చదవడం వచ్చుగా అన్నా. ఉంటే చదివా.”

“మంచిదేగా! మా ఇంట్లో ఆడాళ్ళు కాలేజీకి పోయొచ్చి కూడా పేపరు ముట్టుకోరు.” వంగి ఒక మిరపకాయ తీశాడు. బొటనవేలితో రుద్దాడు. వేలు నల్లబడింది. ఆ వేలిని తుండుగుడ్డకు తుడుచుకుంటూనే అడిగాడు. “రాయితీ అంటే ఏందో తెలుసా నీకు?”

“మనం కట్టేది వాళ్ళు కట్టకపోవడం.”

ఆయన నవ్వు సగంలో ఆగింది. “అంత తేలిగ్గా ఉంటే ఇంతమంది ఆఫీసర్లు ఎందుకమ్మా? అవి ఉన్నాయి కాబట్టి కంపెనీ నడుస్తా ఉంది. తీసేశారనుకో, గేటుకి తాళం. తాళం పడితే ముందు బయటికొచ్చేది ఎవరు? మేనేజరా? మనోడు.”

నేను మిరపకాయలు తిరగేస్తూనే ఉన్నాను.

“గురువారం రా. భోజనాలున్నాయి. ఆడాళ్ళతో పాటు కూర్చో. మాట్టాడాల్సిన పనేం లేదు, మనోళ్ళే చదువుతారు.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “అన్నట్టు మనోడి దగ్గు ఎట్టా ఉంది? నరసరావుపేట మందులు పని చేశాయా?”

ఆయన వెళ్ళిపోయాక కల్లంలోనే కూలబడ్డాను. ఆయన గొంతులో బెదిరింపు లేదు. అదే నన్ను భయపెట్టింది. మేం ఎవరికీ చెప్పని సంగతి ఆయనకు తెలుసు. పని మానిపించడానికి ఆయనకు రాయితీల దాకా పోవక్కర్లేదు. దగ్గు చాలు.

ఇంకో భయం కూడా పట్టుకుంది. ఆయన చెప్పింది నిజమేమో? నిజంగానే తాళం పడితే? మా అబ్బాయి ఒక్కడే కాదు, మా ఊరి మగపిల్లల్లో సగం మంది ఆ గేటు లోపలే ఉన్నారు. వాళ్ళ తల్లులు నన్ను ఏమంటారు? ఒకప్పుడు మా నాన్న దగ్గర ఒక ఎద్దు ఉండేది. నలుగురూ తోక పట్టి, భుజం పట్టి లేపితే గానీ లేచేది కాదు. లేస్తే మాత్రం పక్క చేలో పడి మేసేది. అమ్మేద్దామంటే నాన్న ఒప్పుకోడు, అది లేకపోతే దుక్కి ఆగిపోద్ది అనేవాడు. రెండు రోజులు ఈ ఎద్దు సంగతే బుర్రలో తిరిగింది. మాట్లాడకూడదని మాత్రం నిశ్చయించుకున్నాను. పోతాను, కూర్చుంటాను, వస్తాను. అంతే అనుకున్నాను.

గురువారం హైస్కూలు ఆవరణంతా షామియానా. ఎదురుగా బల్ల, దాని వెనక ఆడ ఆఫీసరు ఒకామె, పక్కన రాసుకునే గుమాస్తా. గేటు దగ్గర పోలీసు జీపు. మా సంఘం వాళ్ళం రెండో వరసలో కూర్చున్నాం. షిఫ్టు లేనివాళ్ళను కంపెనీ బస్సులో తీసుకొచ్చి వెనక నిలబెట్టారు. పసుపు టోపీల మధ్య మా అబ్బాయి కనిపించాడు.

ఒక్కో అర్జీ మైకులో చదువుతున్నారు. మా సంఘం వంతు వచ్చింది. లారీల అన్న మనిషి ఒకడు గడగడా చదివేశాడు. దుమ్ము లేదు అన్నప్పుడు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చదవడం అయ్యాక ఆఫీసరమ్మ తలెత్తి, “ఈ సంఘం వాళ్ళు వచ్చారా? ఒకసారి నిలబడండి” అంది.

లేచాం.

“ఈ సంతకాలు మీవేనా?”

అందరూ తలలు ఊపారు. అంతకంటే ఏమీ అడగలేదు ఆమె. నేను కూడా తల ఊపితే అయిపోయేది. ఊపుదామనే అనుకున్నాను. తల ఊగలేదు. ఆమె చూపు నా మీద ఆగింది.

“ఏమ్మా, మీ సంతకం ఉందా?”

“ఉంది మేడం. సంతకం నాదే. పైన రాత నాకు తెలియదు.”

నా పక్కనున్నామె కొంగు పట్టి లాగింది. “కూర్చోవే! పిల్లోడి పొట్ట కొడతావా?” అంది చెవిలో.

“తెలియకపోవడం ఏంటి? చదవకుండా పెట్టారా?” అంది ఆఫీసరమ్మ.

“చదవడానికి ఏమీ లేదు మేడం అందులో. ఖాళీ పేజీ. కోతలకు పోయేటప్పుడు ముందే పెట్టిపోతాం.”

షామియానా కింద గోల మొదలైంది. ఎవరామె, ఎవరింటి మనిషి అని వెనక నుంచి అడుగుతున్నారు. “నాలుగక్షరాలు వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కినయ్” అని ఎవరో అన్నారు. లారీల అన్న కుర్చీలో నుంచి లేవకుండానే, “మేడం, పెద్దావిడ. కొంచెం మతిమరుపు” అని తల దగ్గర వేలు తిప్పాడు. ఆ మాటతో నాకు సచివాలయం బెంచీ మీద పడ్డ భయమంతా మళ్ళీ వచ్చింది. ఇందరిలో నన్ను మతిలేనిదాన్ని చేస్తే ఇక నా మాట ఇంట్లో కూడా చెల్లదు.

ఆఫీసరమ్మ మైకు నా వైపు పంపించింది. “సరే, ఆ కాగితం పక్కన పెడదాం. మీ అభిప్రాయం మీరు చెప్పండి. బొగ్గు కంపెనీకి రాయితీలు ఉండాలా, తీసేయాలా?”

సంతకం సంగతి చెప్పి కూర్చుందామనుకున్నాను. ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. వెనక్కి తిరిగి చూశాను. మా అబ్బాయి టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. నా కళ్ళలోకి చూస్తూ, పక్కవాడికి కూడా తెలియనంత చిన్నగా, వద్దన్నట్టు తల ఊపాడు.

వాడు వద్దన్న పని ఇన్నేళ్ళలో నేను చేయలేదు. ఏం మాట్లాడానో తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను.

“టీపొడి ప్యాకెట్టు మీద అన్ని పన్నులతో కలిపి అని ఉంటది మేడం. నేను తాగే టీకి పన్ను కట్టే తాగుతున్నా. పిల్లోడి దగ్గు మందు సీసా మీద కూడా అదే ఉంది. దగ్గినందుకు మేం కడుతున్నాం. దగ్గు తెప్పించే బొగ్గుకి మాత్రం వద్దంటే ఎట్టా? తీసేయండి.”

గోల ఆగింది. నా మాట నాకే పెద్దగా వినపడి ఇంకా భయం వేసింది. వెనక్కి చూడకుండా మిగిలింది కూడా చెప్పేశాను. “కానీ మేడం, ఊరికే తీసేసి గేటుకి తాళమెయ్యనీయబాకండి. వాళ్ళకి ఇచ్చేది మా పిల్లలకి ఇంకో పని చూపించడానికి పెట్టండి. ముందు పని చూపించండి. అప్పుడు తీసేయండి.”

వెనక ఎవరో ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆపేశారు. ఎవరో తెలియకూడదని కాబోలు.

గుమాస్తా రాసుకున్నాడు. నన్ను బల్ల దగ్గరికి పిలిచి, కాగితం నా ముందుకు జరిపి, “ఇక్కడ సంతకం పెట్టండి” అన్నాడు.

“చదువుతా బాబూ.”

“మీరు చెప్పిందేనమ్మా.”

“చదివి పెడతా.”

అంతమంది ముందు, బల్ల మీద వంగి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. వరస తప్పిపోతోంది. తప్పిన చోటు నుంచి మళ్ళీ మొదలు. “రాత్రి బడి పెట్టిందిరోయ్!” అని ఎవరో అరిస్తే నవ్వులు. “అన్నాలు చల్లారిపోతన్నయ్ పెద్దమ్మా, నిదానంగా కానీ!” అని ఇంకొకరు. ఆఫీసరమ్మ, “చదవనివ్వండి” అంది. ఆమె గొంతులో విసుగు ఉంది గానీ, ఆ మాట మాత్రం అంది.

రాయితీలు ఎత్తేయాలన్నది రాశాడు. ముందు పని చూపించమన్నది రాయలేదు.

“బాబూ, పిల్లల పని సంగతి ఇందులో లేదు.”

“అది వేరే డిపార్టుమెంటమ్మా.”

“మీకు డిపార్టుమెంట్లు వేరే, మా పిల్లోడు మాత్రం ఒక్కడేగా. అది లేకపోతే నేను సంతకం పెట్టను.”

గుమాస్తా ఆఫీసరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. రెండు వరసలు కలిపాడు. అవీ చదివాను. కింద సగం కాగితం ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టించాను. అప్పుడు సంతకం పెట్టాను. ఎప్పుడూ లేనంత వంకరగా వచ్చింది.

ఇంటికి నడుస్తుంటే మా సంఘం వాళ్ళు నాకంటే పదడుగులు ముందు నడిచారు. నేను వేగం పెంచితే వాళ్ళూ పెంచారు. బుక్కీపరు అమ్మాయి మాత్రం సగం దారి నా పక్కన వచ్చింది. మలుపు దగ్గర వాళ్ళ అన్న లారీ కనపడగానే వెనకబడిపోయింది. లారీల అన్న ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో ఎదురైతే, “బాగున్నావా చెల్లెమ్మా” అని పలకరించేవాడు. ఆ పలకరింపు విన్న ప్రతిసారీ గొడ్ల చావిడి పక్కనున్న గడ్డివాము దాకా ఒకసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

మా అబ్బాయి నాతో మాట్లాడటం మానేశాడు. పొద్దున్నే కంపెనీ బస్సు వచ్చే వేళకు నేను వాకిలి ఊడుస్తున్నట్టు బయటే ఉండేదాన్ని. బస్సు ఆగిందా, వాడిని ఎక్కించుకుందా అని. ఎక్కితే ఆ పూటకు ఊపిరి పీల్చుకునేదాన్ని. సాయంత్రం మళ్ళీ భయం. రోజూ ఎక్కాడు. ఒక వారం గడిచింది. మర్చిపోయారేమోనని ఆశ కూడా పుట్టింది.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం వాడు ఎండలో నడిచి వస్తూ కనిపించాడు. ఒంటి మీద నల్ల మరక ఒక్కటి లేదు. చేతిలో క్యారేజీ అలాగే ఉంది.

“పాసు తీసుకున్నారు” అన్నాడు కోడలితో. “గేటు కాడ. మెడికల్‌లో ఫిట్ లేదంట.”

కోడలు నా వైపు చూడలేదు. క్యారేజీ విప్పి, పొద్దున కట్టిన అన్నాన్నే పళ్ళెంలో వంపి వాడి ముందు పెట్టింది. నేను చావిట్లోకి వెళ్ళి గేదె మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాళ్ళ ముందు ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది.

తర్వాతి వారం నుంచి వాడు దుర్గి దగ్గర రాళ్ళు పాలిష్ పట్టే షెడ్డుకు వెళ్తున్నాడు. రోజూ పని ఉండదు. అక్కడా దుమ్మే. పని లేని ఒక ఆదివారం మంచం మీద కూర్చుని, అన్నాళ్ళ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

“ఆఫీసోళ్ళు ఏమన్నా చెప్పారా?”

“దేని గురించిరా?”

“దాని గురించే. రాయితీలు తీసేస్తున్నారా?”

“ఇంకా ఏం తెలియలా. పైకి పంపాం అంటన్నారు.”

“తీసేయకపోతే నా పాసు ఊరికే పోయినట్టేగా అమ్మా.”

ఈ మాట కోసమే నేను అన్ని రోజులూ భయపడుతూ ఉన్నానని అప్పుడు తెలిసింది. తిట్టినా ఓర్చుకునేదాన్ని. తీసేస్తే ఊళ్ళో పిల్లలందరికీ ఏమవుతుందో నాకు తెలియదు. తీసేయకపోతే నా కొడుకు పోగొట్టుకున్నదానికి అర్థం లేదు. రెండు వైపులా నేనే ఉన్నాను.

“పని చూపించమని కూడా రాయించానురా” అన్నాను.

“చూపిస్తారా?”

“ఏమో.”

“ఇంట్లో కూర్చుంటే చూపించరు గానీ, రేపు సోమవారమేగా, పోయి అడుగు” అంది కోడలు లోపల్నుంచి. నాతో మాట్లాడినట్టూ కాదు, మాట్లాడనట్టూ కాదు.

“పైకి పంపామనే చెప్తారు.”

మా అబ్బాయి దగ్గు ఆపుకుంటూ చెయ్యి అడ్డం ఊపాడు. “వాళ్ళు చెప్పేది వినబాక. పంపిన కాగితం నకలు ఉంటది. అది చూపించమను. నీ మాటలు రెండూ అందులో ఉన్నయ్యో లేదో చదివి రా.”